కల్లం మార్షల్

ఈ ఉదయం డాబా మీద బట్టలు ఆరేస్తుంటే గాలి మారింది. మాది నల్లపాడు. మా ఇంటి చుట్టుపక్కల మిరపకాయల కోల్డ్ స్టోరేజీలు చాలా ఉన్నాయి, వాటిలో ఒకదాని ఆఫీసులోనే నా ఉద్యోగం. ఈ కాలంలో మా గాలిలో ఎప్పుడూ కాస్త ఘాటు ఉంటుంది గానీ, అలవాటు పడ్డ ముక్కుకు అది తెలియదు. ఎక్కడో వాన పడి, ఆ తడిగాలి ఎండుకాయల మీదుగా వచ్చినప్పుడే గొంతులోకి దిగుతుంది. వరసగా తుమ్ములు మొదలయ్యాయి. తలెత్తి చూస్తే ఉత్తరాన, కృష్ణ వైపు, నల్లగా మబ్బు పట్టి ఉంది. తడి దుప్పటి చేతిలో ఉండగానే మెడ తడుముకున్నాను. విజిల్ మెడలో లేదు, లోపల గదిలో మేకుకు వేలాడుతోంది. మబ్బు కనబడితే నా చెయ్యి ఇప్పటికీ అక్కడికే పోతుంది.

ఇంతలో అమ్మ ఫోన్ చేసింది. అమ్మ ఇంకా మా ఊళ్ళోనే ఉంటుంది, అమరావతి దిగువన, కృష్ణ ఒడ్డున. కాస్త పొలం కౌలుకు తీసుకుని ప్రతి ఏడూ మిరప వేస్తుంది.

"ఇక్కడ మబ్బేసిందే. కల్లం నిండా కాయ ఉంది," అంది.

"బయల్దేరి రానా అమ్మా?"

"నువ్వొచ్చేసరికి వాన వచ్చి వెలుస్తుంది కూడా. నీ ఆఫీసు చూసుకో. రజియాకి ఫోన్ చేశాను. దారిలో ఉందంట."

రజియా ఇప్పుడు ఉండేది తాడికొండలో. అక్కడ వాళ్ళకు పరుపుల కొట్టు ఉంది. అక్కణ్ణుంచి మా ఊరు దగ్గర, నల్లపాడు నుంచి దూరం. అమ్మ చేసింది తెలివైన పనే. అయినా నాకు ఒళ్ళు మండింది. కల్లం మాది, కాయ మాది, అమ్మ మా అమ్మ, మధ్యలో ఇదెవరు? రజియా విషయంలో నాకిలా మండటం కొత్త కాదు, ఇరవై ఏళ్ళకు పైగా మండుతూనే ఉంది. దీనికంతటికీ మూలం మా ఇందుమతి టీచర్. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది, మంట మాత్రం పోలేదు.

గుంటూరులో మా ఆడపిల్లల హైస్కూల్లో ఇందుమతి టీచర్ డ్రిల్లు చెప్పేవారు. పొట్టిగా, గట్టిగా ఉండేవారు. ఎండలో నిలబడి నిలబడి మొహం నల్లబడిపోయింది. చీర కట్టుకుని కింద తెల్ల కాన్వాసు బూట్లు వేసుకునేవారు. మంగళసూత్రం జాకెట్టు లోపలికి దోపుకునేవారు గానీ, నల్లతాడుకు కట్టిన ఇత్తడి విజిల్ మాత్రం ఎప్పుడూ బయటే వేలాడుతుండేది. కాలేజీలో ఉన్నప్పుడు నేవీ క్యాడెట్‌గా చేరి తెరచాప పడవ నడపడం నేర్చుకున్నారట. పత్తి చేలల్లోంచి, మిరప చేలల్లోంచి వచ్చిన మాకు తెరచాప అంటే పుస్తకంలో చూసిన బొమ్మ. ఆవిడ గ్రౌండులో సుద్దతో గాలి ఎటునుంచి వస్తుందో బాణాలు గీసేవారు. మమ్మల్నే పడవలుగా నిలబెట్టి, ఎదురుగాలిలో పడవ తిన్నగా పోలేదని, ఇటు కొంత, అటు కొంత వంకర్లు తిరుగుతూ పోవాలని నడిపించి చూపించేవారు. పక్క క్లాసు వాళ్ళు కిటికీల్లోంచి చూసి నవ్వేవాళ్ళు. మేం చాలా సీరియస్‌గా వంకర్లు తిరిగేవాళ్ళం.

నేను హాస్టల్ పిల్లని, చెప్పిన మాట వినే రకం. వరసలో నిలబడమంటే నిలబడేదాన్ని, చేతులు చాపమంటే దించమనేదాకా చాపేదాన్ని. టీచర్ నన్ను లీడర్ని చేశారు. "కళ్యాణిని చూసి నేర్చుకోండి," అని అందరి ముందూ అనేవారు. రజియా అప్పుడు మా క్లాసే. వాళ్ళ నాన్న గుంటూరులోనే పరుపులు కుట్టేవాడు, ఇది రోజూ జుట్టులో దూదిపింజలతో బడికొచ్చేది. ఒక్క మాట వినేది కాదు. వరసలో నిలబడితే పక్కదాని జడ సరిచేస్తూ ఉండేది. టీచర్ దాన్ని తిట్టని రోజు లేదు. నాకది బాగానే ఉండేది, మేం వాడరేవు వెళ్ళేదాకా.

తొమ్మిదో తరగతిలో మమ్మల్ని వాడరేవు తీసుకెళ్ళారు. నేను సముద్రం చూడటం అదే మొదలు. టీచర్ కుచ్చిళ్ళు పైకి దోపుకుని, మోకాలి లోతు నీళ్ళలో, సముద్రానికి వీపు పెట్టి మా వైపు తిరిగి నిలబడ్డారు. మేం సముద్రాన్ని చూస్తున్నాం, ఆవిడ మా తలలు చూస్తున్నారు. పెదాలు కదులుతున్నాయి. ఉన్నట్టుండి గట్టిగా విజిల్ ఊదారు. లెక్కలో ఒక తల తగ్గింది. అది రజియా తల అని నాకు వెంటనే తెలిసిపోయింది. నేనే ఒడ్డంతా పరిగెత్తి పట్టుకున్నాను. చేపలు ఎండబెట్టేచోట ఒక ముసలామె పక్కన గొంతుక్కూర్చుని చేపలు తిరగేస్తోంది. "అవ్వకి నడుం పట్టేసిందంట," అంది నాతో, నేనేదో చేపలు కొనడానికి వచ్చినట్టు.

టీచర్ దాన్ని అందరి ముందూ కడిగేశారు. అది కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు లోపల చక్కెర పోసినట్టుంది. కానీ బస్సెక్కాక ఆవిడ దాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు. జడ విప్పి ఇసుక దులిపారు, మళ్ళీ అల్లారు. చీరాల దాటకముందే అది చేపల కంపు కొడుతూ ఆవిడ భుజం మీద నిద్రపోయింది. నేను వెనక సీట్లో లీడర్ బ్యాడ్జీ పెట్టుకుని గుంటూరు దాకా ఆ భుజం వంకే చూస్తూ కూర్చున్నాను. వెతికి తెచ్చింది నేను, భుజం దొరికింది దానికి. ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

తర్వాత చదువులు, పెళ్ళిళ్ళు, పిల్లలు. టీచర్ రిటైరయ్యారు. నేను పండగలకు ఫోన్ చేసి పలకరించేదాన్ని. కొన్నేళ్ళ క్రితం ఒకరోజు ఆవిడే ఫోన్ చేశారు.

"కళ్యాణీ, నువ్వు కృష్ణ ఒడ్డు పిల్లవి కదా. ఈత మర్చిపోలేదుగా?"

"లేదు టీచర్."

"మీ ఊరి రేవు దగ్గరే పిల్లలకు తెరచాప పడవల పందెం పెడుతున్నారు. నువ్వు మార్షల్‌గా రావాలి."

"అంటే ఏం చెయ్యాలి టీచర్?"

"చూస్తూ కూర్చోవాలి. అది అందరికీ చేతకాదు. అందుకే నిన్ను పిలుస్తున్నా."

ఆ మాటతో వారం రోజులు నేలమీద లేను. ఆదివారం పొద్దున్నే రేవుకి వెళితే, నారింజ రంగు మార్షల్ జాకెట్ వేసుకుని అందరికీ టీ అందిస్తూ రజియా కనబడింది. "వచ్చావా, నీకోసమే చూస్తున్నా," అని నా చేతిలో కప్పు పెట్టింది. టీ వేడిగా ఉంది, బాగుంది కూడా. ఒక్క గుక్క తాగి పక్కన పెట్టేశాను.

ఎదురొడ్డున ఉన్న ఒక క్లబ్బువాళ్ళు ఏటా పెట్టే పందెం అది. బ్యారేజీకి ఎగువన నది చెరువులా నిలిచి ఉంటుంది. అందులో పెద్ద పెద్ద పసుపు బంతులకు లంగరేసి వదులుతారు. ఒక్కో పడవలో ఇద్దరు పిల్లలు ఎక్కి, ఆ బంతుల్ని చుట్టి ముగింపు గీత దగ్గరికి రావాలి. ప్రతి బంతి దగ్గరా మోటారు బోటులో ఒక మార్షల్ ఉండి, ఎవరు సరిగా చుట్టారో, ఎవరు బంతిని తగిలారో చూసుకోవాలి. ఇంకొందరు మార్షల్స్ ఒడ్డున ఉండి గీత దాటిన పడవల్ని వరసగా రాసుకోవాలి. పందేనికి పెద్ద మార్షల్ మా టీచరే. జీతాలు లేవు, మధ్యాహ్నం పులిహోర పొట్లం ఒకటి. మేమంతా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళమే, మిరప ఇళ్ళవాళ్ళమే.

"పడవ బోల్తా పడితే పడవ వంక చూడకండి," అని పందేనికి ముందు ప్రతిసారీ చెప్పేవారు టీచర్. "తెరచాప వంకా చూడకండి. తలలు చూడండి. తలల లెక్క సరిపోయేదాకా మార్షల్ తన చోటు వదలకూడదు. మీ ఇల్లు తగలబడుతున్నా సరే."

అలా రెండు మూడేళ్ళు గడిచాయి. నన్ను ఎప్పుడూ అన్నిటికన్నా దూరపు బంతి దగ్గర పెట్టేవారు, అక్కడ గాలి పాడుగా ఉంటుందని. రజియా ఒడ్డున ఉండేది. ఒక ఏడు పందెం పొద్దున మా ఇద్దర్నీ పక్కకి పిలిచారు. "నా మోకాళ్ళు అయిపోయాయి. పడవ ఎక్కడం దిగడం ఇంక నావల్ల కాదు. ఈ సాయంత్రం ఈ విజిల్ మీ ఇద్దరిలో ఒకరికి ఇచ్చేస్తాను," అన్నారు. రజియా నవ్వేసింది. "నాకొద్దు టీచర్, నాకు ఊదటమే సరిగా రాదు," అంది. నేను స్కూలు రోజుల నుంచి కన్నేసి ఉంచిన వస్తువును అది అంత తేలిగ్గా వద్దనగలిగింది. అదే నేను వద్దంటే అబద్ధమయ్యేది, అందుకని వెళ్ళి నా బోటెక్కాను.

అది మార్చి నెల. ఒడ్డు పొడవునా కల్లాలే, ఎర్రగా ఎండుతున్న కాయ. రేవుకి కాస్త పైన మా అమ్మ కల్లం, పడవలోంచి చూస్తే చక్కగా కనబడుతుంది. నా బోటు నడిపేది మా ఊరి సాంబయ్య బాబాయి. ఆయన చేపలు పడతాడు, ఆయన భార్య మిరపకోతలకు పోతుంది, ఆ ఏడు వాళ్ళకూ కొంచెం కాయ ఉంది. మధ్యాహ్నానికల్లా ఎండ మండిపోయి, గాలి ఆగిపోయింది. పడవలు కదలక పిల్లలు విసుక్కుంటున్నారు. అప్పుడు వచ్చింది మబ్బు. ఎదురొడ్డు క్లబ్బువాళ్ళు, హమ్మయ్య, గాలి వస్తోందని సంబరపడ్డారు. మా ఒడ్డు వాళ్ళకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఎండిన కాయ మీద ఒక్క వాన పడితే చాలు, రంగు పోయి తాలు కాయవుతుంది, ఏడాది కష్టం నీళ్ళపాలు.

ఎవరు ముందు పరిగెత్తారో తెలియదు. నేను చూసేసరికి ఒడ్డున ఒక్క మార్షల్ లేడు. నారింజ జాకెట్లన్నీ గట్టెక్కి కల్లాల్లో ఉన్నాయి. ఒకడు కాయ కుప్పేస్తున్నాడు, ఇద్దరు టార్పాలిన్ పట్టా కొసలు పట్టుకుని గాలితో పెనుగులాడుతున్నారు. టీచర్ గీత దగ్గరి పడవలో నిలబడి విజిల్ మీద విజిల్ ఊదుతున్నారు, ఎవరూ వినడం లేదు. మబ్బు చూస్తే మా వాళ్ళ కాళ్ళు అలాగే పోతాయి, జాకెట్ వేసినా, టోపీ పెట్టినా. ముగింపు గీత అనాథలా ఉంది. ఆ ఏడు పందెంలో ఎవరు గెలిచారో ఇవాళ్టికీ ఎవరికీ తెలియదు.

మా కల్లంలో అమ్మ ఒక్కతే ఉంది. పట్టా ఎగిరిపోతుంటే దానిమీద బోర్లా పడుకుంది. అంతదూరం నుంచి కూడా ఆ చీర గుర్తుపట్టాను. ఆ గుంపులోంచి ఒక నారింజ జాకెట్ అమ్మ వైపు పరిగెత్తింది. దూది ఏకే ఇంటి పిల్ల, పుట్టి బుద్ధెరిగి కల్లం తొక్కనిది, మా కల్లంలోకి దూకింది.

"అమ్మాయ్, ఒక్క పావుగంట," అన్నాడు సాంబయ్య బాబాయి, మోటారు తాడు మీద చెయ్యి వేసి. "మీ అమ్మ ఒంటరిగా ఉంది. మీ పిన్నీ ఉంది. ఇట్టా పోయి అట్టా వచ్చేద్దాం."

"వద్దు బాబాయ్."

"ఎవరూ లేరుగా ఇక్కడ చూడటానికి."

"టీచర్ ఉన్నారు," అన్నాను. నా నోట్లోంచి మొదట వచ్చింది ఆ మాటే, పిల్లలున్నారని కాదు.

ఆ మాట అంటుండగానే గాలి విరుచుకుపడింది. బంతి చుట్టూ ఉన్న పడవలు ఒకదాని తర్వాత ఒకటి పక్కకు ఒరిగి బోల్తా పడ్డాయి. తెరచాపలు నీళ్ళమీద పరుచుకున్నాయి. పిల్లలు అరుస్తున్నారు. నేను పడవలు చూడలేదు, ఒడ్డు చూడలేదు. తలలు చూశాను. లెక్క తగ్గింది. మళ్ళీ చూశాను. ఒక పడవ దగ్గర ఒక్క తలే ఉంది. "బాబాయ్, ఆ తెరచాప ఎత్తు," అని అరిచాను. ఆయన గెడతో తెరచాప కొస ఎత్తాడు. దాని కింద లైఫ్ జాకెట్ ఇరుక్కుపోయి, నీళ్ళు మింగుతూ ఒక ఆడపిల్ల ఉంది. నేను దూకి పట్టుకున్నాను. అది దగ్గి దగ్గి నీళ్ళు కక్కి, నా మెడ పట్టుకుని ఏడుపు మొదలెట్టింది. అంత హాయైన ఏడుపు నేను ఎన్నడూ వినలేదు.

వాన నాలుగు చినుకులు రాల్చి వెళ్ళిపోయింది. అందరూ ఒడ్డున చేరాక, టీచర్ మోకాళ్ళు పట్టుకుంటూ పడవ దిగి నా దగ్గరికి వచ్చారు. విజిల్ తీసి నా మెడలో వేశారు. "లెక్క తప్పలేదు," అన్నారు, అంతే. తర్వాత కల్లాల్లోంచి దిగివస్తున్న వాళ్ళ వైపు తిరిగారు. అందర్నీ తిట్టారు, రజియాని మరీను.

"చోటు వదిలేసినదానివి నువ్వు మార్షల్‌వేంటే? ఆ జాకెట్ తీసెయ్."

రజియా జాకెట్ తీసి మడతపెట్టి ఇచ్చింది. దాని కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి, ఘాటుకో ఏడుపుకో తెలియదు. నాకు ఆ క్షణం ఎంత బాగుందంటే, నా జీవితంలో అన్ని పందేలూ ఒకేసారి గెలిచినట్టుంది.

పులిహోర పొట్లాలు పంచేటప్పుడు టీచర్ కనబడలేదు. వెతుక్కుంటూ గట్టెక్కాను. మా కల్లంలో కప్పిన పట్టా పక్కన, కింద కూర్చుని ఉన్నారు. రజియా రెండు చేతులూ ఆవిడ ఒళ్ళో ఉన్నాయి. అలవాటు లేని చేతులతో కాయ ఎత్తిందేమో, మోచేతుల దాకా మండిపోతున్నాయట. మా అమ్మ చెంబుతో మజ్జిగ పోస్తోంది, టీచర్ మెల్లిగా రాస్తున్నారు. "పిచ్చిమొద్దు, గుడ్డ చుట్టుకోవాలని తెలియదూ," అంటున్నారు. నన్నెప్పుడూ ఆవిడ ఆ గొంతుతో పిలవలేదు. అమ్మ నన్ను చూసి, "ఇది లేకపోతే మన కాయంతా పోయేదే," అంది. నా మెడలో విజిల్ ఉంది. నా చేతులు ఏమీ మండటం లేదు.

మరుసటి ఏడు పందేనికి ముందు టీచర్ ఎవరెవరు ఎక్కడ ఉండాలో చదివారు. పడవ ఎక్కకపోయినా ఆ పని మాత్రం ఆవిడ వదల్లేదు. పెద్ద మార్షల్ నేను. అందరి పేర్లూ అయ్యాక, సంచిలోంచి కొత్తగా కుట్టించిన ఆకుపచ్చ జాకెట్ ఒకటి తీశారు. "మబ్బేస్తే ఒడ్డు మార్షల్స్ ఎవరూ కదలొద్దు. ఊళ్ళో కుర్రాళ్ళని పోగేసి కల్లాలు కప్పించే పని ఒకరిది. రజియా, నువ్వు కల్లం మార్షల్‌వి," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రపంచంలో ఏ నది మీద జరిగే పందెంలోనూ ఆ పదవి ఉండదు. నాకు ఉన్న పదవి ఇచ్చారు, దానికోసం లేని పదవి పుట్టించారు. నేనూ చప్పట్లు కొట్టాను. అరచేతులు నొప్పి పుట్టేలా కొట్టాను.

ఆ సాయంత్రం రేవు మెట్ల మీద ఇద్దరమే ఉన్నప్పుడు టీచర్ నా మొహం చూసి అడిగారు.

"కుళ్ళుకుంటున్నావా కళ్యాణీ?"

అబద్ధం చెప్పినా దాగదని తెలుసు. "అవును టీచర్."

"ఎప్పటినుంచి?"

"వాడరేవు నుంచి."

ఆవిడ నవ్వలేదు, జాలిపడలేదు. దాన్నెందుకు అంత ముద్దు చేస్తారో చెబుతారేమో, నీలాంటిది మరొకతె లేదంటారేమో అని ఎదురుచూశాను. ఆవిడ మోకాలు రుద్దుకున్నారు. "సరే, కుళ్ళుకో. చోటు మాత్రం వదలకు," అన్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని లేచి, మెట్లెక్కేదాకా వదల్లేదు.

పోయినేడు ఆవిడ పోయారు. గుంటూరులో ఇంటి ముందు పాత విద్యార్థినులు, మార్షల్స్ అందరూ చేరారు. నాకు ఏడుపు రావడం లేదు. నిలబడి ఊరికే జనం వంక చూస్తున్నాను. కాసేపటికి అర్థమైంది, నా పెదాలు కదులుతున్నాయి. తలలు లెక్కపెడుతున్నాను. లెక్క తగ్గింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తగ్గింది. జనాన్ని తోసుకుంటూ సందు చివరిదాకా పోయాను. చినుకులు మొదలయ్యాయి. అక్కడ కుర్చీల మీద పట్టా కడుతూ, కొస పళ్ళతో పట్టుకుని, రజియా.

"ఏందే అట్టా చూస్తావు?" అంది.

"ఏం లేదు. లెక్క సరిపోయింది," అన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది. అది పట్టా వదిలేసి వచ్చి నన్ను పట్టుకుంది. దాని భుజం మీద తల పెట్టి ఏడ్చాను. టీచర్ భుజం దొరకలేదు గానీ, దాని మీద నిద్రపోయినదాని భుజం దొరికింది.

ఇందాక మళ్ళీ అమ్మకు ఫోన్ చేశాను. రజియా ఎత్తింది. వెనక ఉరుములు వినబడుతున్నాయి.

"కప్పేశాం, ఒక్క కాయ తడవలేదు. అమ్మ అన్నం తిని పొమ్మంటోంది, గోంగూర చేసిందంట," అంది.

మా అమ్మ గోంగూర. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. ఫోన్ పట్టుకునే గదిలోకి వెళ్ళాను, మేకున ఉన్న విజిల్ తీసి మెడలో వేసుకున్నాను.

"పిడుగులు పడుతున్నాయిగా. కల్లంలో ఎవరెవరు ఉన్నారో చెప్పు," అన్నాను.

"అందరం లోపలికి వచ్చేశాంలే."

"పేర్లు చెప్పు."

అది విసుక్కోకుండా చెప్పింది. అమ్మ, సాంబయ్య బాబాయి, పిన్ని, పక్క కల్లం వాళ్ళు. నేను కుళ్ళుకుంటూనే లెక్కపెట్టాను. లెక్క తగ్గింది.

"నీ పేరు చెప్పలేదేంటే?" అన్నాను.